నాలుగో తూటా

మూడో తూటా కూడా పైకే పోయింది, కుడిపక్కకే పోయింది. దీని దుంపతెగ! హిదాయతుల్లా తుపాకీ స్కోపులోంచి కన్ను తీయకుండా గురి కాగితంలోని ఆ మూడు బెజ్జాలనూ మళ్ళీ మళ్ళీ చూశాడు, చూడగా చూడగా అవే జరిగి ఒకచోటికి వస్తాయన్నట్టు. మొదటిది నల్లచుక్క నడుమ బొట్టు పెట్టినట్టు పడింది, రెండోది దానికి రెండు వేళ్ళ పైన, మూడోది ఇంకో రెండు వేళ్ళు ఎగబాకి కుడివైపుకు. వంద మీటర్లకే ఇంత తేడా వస్తే కజకిస్తాన్ కొండల్లో మూడు వందల మీటర్ల అవతల నిలబడిన కొండమేక దీని చప్పుడు విని తలెత్తి చూసి మళ్ళీ గడ్డి మేసుకుంటుంది, అర్బాబు తల తిప్పి తనవైపు చూస్తాడు, ఆ చూపు ఊహించుకుంటేనే చెవులు వేడెక్కాయి. అర్బాబు అంటే యజమాని, వీసా ఇచ్చిన కఫీల్, ఈ అరబ్బు దేశంలో అల్ ఐన్ బయట ఖర్జూరం తోటల మధ్య ఆయన ఇంట్లో పనిచేసే వాళ్ళందరికీ ఆయన పేరు అదొక్కటే. తొమ్మిదింటికి వస్తాడు. మూడింటికి వేటకి విమానం. నిన్ననే తేల్చి చెప్పేశాడు, రేపు క్లబ్బులో నా చేత్తో మూడు కాలుస్తా హిదాయత్, మూడూ ఒకచోట పడితే మా నాన్న తుపాకీ, నువ్వూ నాతో విమానం ఎక్కుతారు, పడలేదా, ఖలాస్, అది అద్దాల బీరువాలోకి, నువ్వు నీళ్ళ పంపుల షెడ్డులోకి, నేను నా కొడుకు కొన్న కొత్త తుపాకీ తీసుకుపోతా. ఇప్పుడు ఎనిమిదీ పది. పది తూటాలు ఇచ్చాడు, మూడు అయిపోయాయి, చివరి మూడు ఆయనవి, అంటే తన చేతిలో ఉన్నవి నాలుగు. నాలుగు తూటాల్లో జబ్బు పట్టుకోవాలి. భయం వేయాల్సింది పోయి ఒళ్ళంతా ఉషారు, రాయచోటి బస్టాండు వెనక తన దుకాణానికి ఎవరివల్లా కాని కుట్టుమిషను వచ్చినరోజు ఉండే ఉషారు.

నాలుగో తూటా వేళ్ళ మధ్యకి తీసుకున్నాడో లేదో అవతలి కొస నుంచి కేక.

"భాయ్‌గారూ, ఆగండాగండి! ఫ్రేము ఊడిపోయిందండి!"

త్రిమూర్తులు. క్లబ్బులో గురి కాగితాలు అంటించే మనిషి, అమలాపురం వైపువాడు, ఎర్రజెండా ఎత్తి పట్టుకుని ఊపుతున్నాడు. జెండా లేచిందంటే తుపాకీ ముట్టుకోకూడదు, ఆరడుగులు వెనక్కి జరిగి నిలబడాలి, అది ఇక్కడి చట్టం.

"ఎంతసేపన్నా?"

"మేకులు కొట్టాలండీ, పావుగంట పట్టుద్దండి, ఆయ్!"

"నాకుండేదే గంట గదన్నా!" అని అరిచాడు కానీ గాలి ఆ మాటను ఖర్జూరం చెట్ల వైపు ఎత్తుకుపోయింది, త్రిమూర్తులు సుత్తి అప్పుడే టకటకమని మొదలుపెట్టింది. పావుగంట. ఉన్నదే గంట, అందులో పావుగంట మేకులకి! హిదాయతుల్లా గీత వెనక నిలబడి, చేతులు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకుని, ఇసుక సంచుల మీద పడుకున్న తుపాకీని చూశాడు. ఎంత సొగసుగా ఉందో అంత మొండిగా ఉంది ముసల్ది, అక్రోటు చెక్క మీద అర్బాబు తండ్రి చెమటతో పడిన నున్నటి మరక, నల్లటి గొట్టం, ఏం రోగమే నీకు, చెప్పి చావరాదా. మిషన్ల పని నేర్పిన ఖాదర్ హుస్సేన్ ఉస్తాద్ ఉంటే ముందు తన నెత్తిన ఒక్కటి మొట్టేవాడు. ఒకసారికి ఒకటే మార్చాలిరా, రెండు మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో నీకు తెలియదు, అనేవాడు నోట్లో సూది పెట్టుకుని, ముందు దారం, తర్వాత సూది, తర్వాత మిషను, చివరికి కుట్టేవాడు. అట్లాగే చేశాడు కదా తను? రంజాన్ పండగ తర్వాత అర్బాబు కాల్చినప్పుడు మొదటిసారి తప్పింది, అప్పటినుంచీ ఒక్కొక్కటే. దారం అంటే తూటాలు, వేరే పెట్టెలోవి వేసి చూశాడు, అదే పాట. సూది అంటే స్కోపు, పాతది బిగించి చూశాడు, అదే. గొట్టం మూతి దగ్గర అంచు అరిగిందేమోనని దూది తిప్పి చూశాడు, ఒక్క పోగు కూడా పట్టుకోలేదు, అద్దం లాంటి అంచు. గొట్టం లోపల రాగి పేరుకుందేమోనని మందు వేసి వేసి తోమాడు, భార్య మున్నీబీ ఆ వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నాలుగు గదుల అవతలికి పారిపోయింది. కుట్టేవాడి తప్పేమోనని త్రిమూర్తులుకిచ్చి కాల్పించాడు, పైకే, కుడిపక్కకే. అన్నీ అయిపోయాయి. మిగిలింది ఏమిటి?

మిగిలింది మరలు. చెక్కకీ గొట్టానికీ మధ్య ఉన్న రెండు పెద్ద మరలు, వాటిని మాత్రం ముట్టుకోలేదు, బయటి నుంచి బిగువు చూశాడంతే, ఎందుకంటే పండక్కి ముందు గురువారం ఇదే బల్ల మీద కూచుని కొత్త స్కోపుతో గురి కుదిర్చాడు, ఐదు తూటాలు ఒక రూపాయి బిళ్ళ కింద దాక్కునేట్టు, అబ్బ, ఏం రోజది! అర్బాబు వీపు మీద చరిచి, కజకిస్తాన్‌కి నువ్వూ వస్తున్నావు, మంచు చూపిస్తా నీకు, అన్నాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, ప్రయాణం అయ్యేదాకా దీని మర విప్పేది లేదు, విప్పి బిగిస్తే వెంట్రుకవాసి జరిగినా కుదిరిన గురి కదులుతుంది. ఆరేళ్ళుగా ప్రతి శుక్రవారం వరండాలో గుడ్డ పరిచి ముక్క ముక్కా విప్పి తుడిచే మనిషి, ఆ మర్నాటి శుక్రవారం నుంచి పైపైనే తుడిచి పెట్టేస్తున్నాడు. మున్నీబీ కూడా గమనించింది, పాపం. ఏమయ్యా, ఈ వారం యిప్పలేదా, అనింది. ఆ పై వారం, ఈ వారమూ యిప్పలేదా. నిన్న కూడా టీ గ్లాసు చేతికిస్తూ, ఇంగ ఎప్పుడు యిప్పుతావు దాన్ని, అని కొంచెం గట్టిగానే అనింది, తనకెంత సంతోషమేసిందో, ఆరేళ్ళకి తన పని మీద ఆమెకి శ్రద్ధ పుట్టిందని, స్కోపు సంగతీ గురి సంగతీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు, అరగంట చెప్పాడు, ఆమె విన్నంతసేపు విని గ్లాసు తీసుకుని, వాకిట్లో బియ్యం మూట అట్లే ఉండాది, లోపల పెట్టియ్యి, అనింది. ఇదిగో ఇప్పుడే, అన్నాడు. పెట్టాడా? పెట్టలేదు. తుపాకీ తీసుకుని క్లబ్బుకు వచ్చేటప్పుడు ఆ మూట దాటుకునే వచ్చాడు.

ఎప్పుడూ పెట్టేది కదా ఆమే, యాభై కిలోలైనా జరజరా ఈడ్చుకుపోయే మనిషి, ఉపవాసాల్లో కూడా చురుగ్గా తిరిగే మనిషి, ఈసారి రంజాన్‌లో చివరి వారం ఉపవాసాలు మానేసి పడుకుంది, ఒంట్లో బాగలేదు అని. డాక్టరు దగ్గరికి పోదామా అంటే, నేను పోయొచ్చినాలే, అనింది. ఏమన్నారు అని అడిగాడా? అడిగే ఉంటాడు. ఏమో, అప్పుడే కొత్త స్కోపు పెట్టె వచ్చింది. జెండా ఇంకా ఎర్రగా ఊగుతూనే ఉంది, సుత్తి మోత ఆగడం లేదు, ఒరే త్రిమూర్తులన్నా, ఆ మేకులు కొడుతున్నావా వాటికి అక్షరాభ్యాసం చేస్తున్నావా! నవ్వొచ్చింది. ఎండ గుట్ట మీదినుంచి దిగి బల్ల కాళ్ళ దాకా వచ్చింది కానీ తుపాకీ ఇంకా రేకు నీడలోనే ఉంది, నవంబరు గాలి దాని మీదుగా పోతోంది.

"అయిపోయిందండీ, కొట్టుకోండి!"

జెండా దిగింది. ఎనిమిదిన్నర. ఒక్క అంగలో బల్ల ముందుకు వచ్చి కూచున్నాడు, నాలుగో తూటా లోపలికి నెట్టి బోల్టు మూశాడు, ఊపిరి సగం వదిలి ఆపాడు, ట్రిగ్గరు ఎప్పుడు పడిందో తనకే తెలియకుండా పడాలి, పడింది. స్కోపులో చూశాడు. నడుమ! నల్లచుక్క సరిగ్గా నడుమ! మొదటి బెజ్జం పక్కనే, దాన్ని ఆనుకుని! యా అల్లా! లేచి నిలబడ్డాడు, కూచున్నాడు. మూడోది అంత దూరం పోయి నాలుగోది ఇంటికి తిరిగొస్తుందా? ఎట్లా? ఏం మారింది? ఒకసారికి ఒకటే మారాలి, ఏం మారింది మధ్యలో? తూటా అదే, చెయ్యి అదే, స్కోపు అదే, గాలి అదే. పావుగంట! పావుగంట ఆగాడు, అంతే! ఇన్ని రోజులూ ఎవరు కాల్చినా టకటకమని మూడు వరసగా కాల్చారు, ఎవరూ ఆగలేదు, ఎందుకు ఆగుతారు, త్రిమూర్తులు ఫ్రేము ఇవాళే కదా ఊడింది. చెయ్యి చాపి గొట్టం మీద పెట్టాడు, గోరువెచ్చగా ఉంది, మూడో తూటా అప్పుడు ముట్టుకుంటే చురుక్కుమనేది. చల్లగా ఉంటే గురి తప్పదు, వేడెక్కితే తప్పుతుంది! సరిగ్గా పంచాయతీ ఆఫీసు పక్క వీధి టైలరు మిషను, పొద్దున మల్లెపూల మాల కుట్టినట్టు కుట్టేది, మధ్యాహ్నం రేకుల కింద కాగేసరికి కుట్టు ఎగరగొట్టేది, నలుగురు రిపేరు చేసి వదిలేశారు, తను చివరికి కింద బాబిన్ గూట్లో ఇరుక్కున్న గుడ్డపీలికల ఉండ పీకి చేతిలో పెట్టాడు. వేడికి ఇనుము సాగుతుంది, సాగిన ఇనుముకి ఏదో ఒకటి అడ్డం తగులుతోంది. తగులుతోందంటే? గొట్టం తగలకూడదు కదా! వెనక మరల దగ్గర తప్ప గొట్టం చెక్కని ఎక్కడా తాకకూడదు, కింద సన్నటి సందు ఉండాలి, ఈ సంగతి మున్నీబీకి కూడా అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడు, సన్నటి సందు మున్నీ, అదే దీని ప్రాణం. ఆ సందులో ఏమన్నా పడితే, అని అడిగింది ఒకసారి. యాడ పడతాది, శుక్రవారం శుక్రవారం యిప్పుతాండా గదా, నేను తప్ప దాన్ని ఎవుడు యిప్పుతాడు, అన్నాడు తను.

పాత గురి కాగితం అంచు చింపి, పొడుగు పీలిక చేసి, గొట్టం మూతి దగ్గర సందులో దూర్చి వెనక్కి లాగుతూ పోయాడు. సాఫీగా పోయింది, పోయింది, జానెడు పోయి ఆగింది. ఆగింది! కదిపాడు, ఎడమపక్క గట్టిగా, కుడిపక్క వదులుగా. ఎడమ నుంచి ఒత్తుతోంది, అందుకే కుడికి, కింద నుంచి ఒత్తుతోంది, అందుకే పైకి! ఇంత తేలికా! గట్టిగా నవ్వేశాడు, పక్క బల్ల దగ్గర లెబనీసు దొర మోత వినపడకుండా పెట్టుకున్న చెవిడబ్బాలు తీసి తనవైపు చూశాడు. ఎనిమిదీ నలభై. మర విప్పాలి. ఒట్టు? ఒట్టూ లేదు గిట్టూ లేదు, స్క్రూడ్రైవరు తీశాడు, వెనక మర, ముందు మర, గొట్టాన్ని రెండు చేతుల్తో చెక్కలోంచి పైకి ఎత్తాడు. లోపల, చెక్క గాడిలో, మడత మీద మడత వేసి చిటికెన గోరంత చేసిన కాగితం ఉంది. గొట్టం వేడికి ఒకపక్క గోధుమరంగు తేలి, అణిగి, బిళ్ళలా అయిపోయింది. పక్కనే మున్నీబీ చెంపపిన్నుతో గీసినట్టు సన్నటి గీత.

తావీజు, తాయెత్తు, అనుకున్నాడు ముందు. ఆమె దర్గా నుంచి తెచ్చిన దారం లేని వస్తువు ఇంట్లో ఏదీ లేదు, ప్రయాణం పోతున్నాడని దీనికీ ఒకటి పెట్టిందా, అరబ్బు తుపాకీలో తావీజు, ఎవరి కంటన్నా పడితే చేతబడి అని పోలీసుల్ని పిలుస్తారు పిచ్చిదానా! గబగబా విప్పాడు. అచ్చు అక్షరాలు, ఇంగ్లీషు, క్లినిక్కు పేరు, తేదీ 18-10-2006, మున్నీబీ, ముప్ఫై నాలుగు, తనకర్థం కాని ఏదో పరీక్ష పేరు, కింద పెద్దగా పాజిటివ్. ఈ దేశంలో పాజిటివ్ అంటే ఒకటే కదా, వీసా మెడికల్ పరీక్షలో ఆ మాట పడ్డవాణ్ణి వారంలో విమానం ఎక్కిస్తారు, రక్తంలో ఏముందో, ఊపిరితిత్తుల్లో ఏముందో, అల్లా, అందుకా పడుకుంది, అందుకా చెప్పలేదు, చెప్పలేక దీన్ని ఇందులో దాచిందా? అప్పుడు కనపడింది, అడుగున నీలం పెన్నుతో ముత్యాల్లాంటి తెలుగు. "మున్నీబీ గారూ, కంగ్రాట్స్. ఇదివరకు మూడుసార్లు పోయిందన్నారు కాబట్టి మూడో నెల దాటేదాకా బరువులు ఎత్తకండి. మసాలా తగ్గించండి. నవంబర్ 20న స్కానింగుకి మీవారిని తీసుకుని రండి. దయారాణి, నర్సు."

మళ్ళీ చదివాడు. బరువులు ఎత్తకండి. ఇంకోసారి. మీవారిని తీసుకుని రండి. మూడుసార్లు. మొదటిసారి రాయచోటిలో వీధి వీధంతా చెప్పుకుంది, సేమ్యా వండి పంచింది, పదకొండో వారం పోయింది. రెండోసారి వాళ్ళమ్మకీ ఆడపడుచుకీ చెప్పింది. మూడోసారి ఒక్క తనకే చెప్పింది, ఇక్కడే, ఈ తోటలోనే, చెవిలో. అదీ నిలవలేదు. ఇంగ నోటితో అనను, నా నోరే దిష్టి, మూడు నెల్లు నిండే దాకా అల్లా అడిగినా చెప్పను, అని ఆ రోజు గోడకేసి తిరిగి పడుకుంది. అనలేదు. అనకుండా కాగితాన్ని పంపింది. పండక్కి ముందు శుక్రవారం తను తుపాకీని గుడ్డ మీద పెట్టి జుమ్మా నమాజుకి పోయాడు, కాపలా ఆమే, ఎక్కడ పెడితే తను తప్ప ఎవరూ చూడరో, ఎక్కడ పెడితే తను తప్పకుండా చూస్తాడో అక్కడ పెట్టింది, సన్నటి సందులో, చెంపపిన్నుతో లోపలికి నొక్కి. తర్వాత శుక్రవారం కోసం చూసింది. ఈ వారం యిప్పలేదా. ఈ వారమూ యిప్పలేదా. ఇంగ ఎప్పుడు యిప్పుతావు దాన్ని! ఒరే హిదాయతుల్లా, గాడిద కొడకా, ఆమె అడిగింది తుపాకీ గురించట్రా? ఆరేళ్ళుగా నీ సోదంతా వినీ వినీ, ఎక్కడ తగిలితే నీకు తెలుస్తుందో అక్కడ తగిలేట్టు పెట్టిందిరా! నవ్వాడో ఏడ్చాడో తెలియదు, ముక్కు చీదాడు, కాగితాన్ని అవే మడతల్లో మడిచి చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టాడు. ఎనిమిదీ నలభై ఏడు.

గాడి తుడిచాడు, గొట్టం దించాడు, ముందు మర, వెనక మర, ఉస్తాద్ నేర్పిన లెక్కన చేతికి తెలిసే బిగువు. ఐదో తూటా. తుపాకీ భుజానికి ఆనించాడు, స్కోపులో అడ్డగీతా నిలువుగీతా కొలిమి తిత్తిలా పైకీ కిందకీ ఎగురుతున్నాయి, గాలి కాదు, తన గుండె. ఉండవే, ఉండు, ఒక్క నిమిషం ఉండు. ఉండదు. ఇరవయ్యో తారీఖు, అంటుంది. మూడో నెల, అంటుంది. మంచు, తెల్లగా, ఒక్కసారన్నా కాలి కింద కరకరమనే మంచు చూడాలని ఆరేళ్ళుగా అనుకున్నాడు, ఇరవై రోజుల ప్రయాణం, ఇరవయ్యో తారీఖు దాని నడుమ బొట్టు పెట్టినట్టు పడింది. సరే, ఎగిరితే ఎగరనీ. ఒక దడకీ ఇంకో దడకీ మధ్య సన్నటి సందు ఉంటుంది కదా, ఆ సందులో నొక్కాడు. ఐదు. ఆగలేదు, కావాలనే ఆగలేదు, వేడెక్కాలి, ఆరు. గొట్టం చురుక్కుమంటోంది, ఏడు. స్కోపు దగ్గరికి కన్ను తీసుకుపోవడానికి భయమేసింది. మూడూ ఒకదానిమీద ఒకటి, ఒకే బెజ్జం మూడు ఆకులుగా విచ్చుకున్నట్టు, నడుమకి వేలెడు ఎడమకి. మర విప్పి బిగిస్తే ఆ మాత్రం జరుగుతుంది, అనుకున్నదే. స్కోపు మీద చక్రం నాలుగు టిక్కులు కుడికి తిప్పాడు, చాలు.

"అర్బాబుగారి బండి వచ్చిందండోయ్!"

ముసలాయన పాదాల దాకా ఉన్న తెల్లటి కందూరా అంచు ఎత్తి పట్టుకుని నడిచొచ్చి సలాము చెప్పి బల్ల ముందు కూచున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది. త్రిమూర్తులు కాగితం ఊడదీసి పరిగెత్తుకొచ్చి బల్ల మీద పరిచాడు, అర్బాబు మూడు బెజ్జాల మీదా ఒక్క బొటనవేలు పెట్టాడు, మూడూ కనపడకుండా పోయాయి. ఆయన గడ్డం కదిలింది.

"వల్లా, హిదాయత్! క్యా థా?"

"ఏక్ కాగజ్ థా, అర్బాబ్. అందర్ ఫసా థా," కాగితం లోపల ఇరుక్కుందని వేలితో గొట్టం కింద చూపించాడు.

"బస్? కాగజ్?" అని పగలబడి నవ్వి, "యల్లా, బ్యాగ్ లావ్, పాస్‌పోర్ట్ లావ్!" అన్నాడు లేస్తూ. పాస్‌పోర్ట్ సంచిలోనే ఉంది, ఊలు టోపీ కూడా ఉంది, సనయ్యా బజారులో కొన్నది, ఇంకా చీటీ పీకలేదు. హిదాయతుల్లా తుపాకీని పెట్టెలో పడుకోబెట్టి, తాళం వేసి, తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టాడు. బందూక్ జాయేగా అర్బాబ్, మై నహీ, తుపాకీ వస్తుంది, నేను రాను, అన్నాడు. లేష్, ఎందుకు, అని ఆయన నవ్వు ఆపేశాడు, కనుబొమలు ముడిపడ్డాయి, కొండమీద ఇది మళ్ళీ తప్పితే ఎవడు చూస్తాడు, నీకోసం వీసా తీయించాను, పిచ్చెక్కిందా. ఎందుకో చెప్పడానికి నోరు తెరిచాడు, మూశాడు. నోటితో అనకూడదు. జేబు గుండీ తీసి కాగితం ఇచ్చాడు. ముసలాయన దాన్ని చెయ్యంత దూరం పెట్టి, కళ్ళు చికిలించి చదివాడు, చదివి మబ్రూక్, శుభాకాంక్షలు, అనబోయాడు, తొలిశబ్దం పెదవుల మీదికి రానే వచ్చింది, హిదాయతుల్లా ఒళ్ళు మరిచి కఫీల్ ముందు వేలు తన నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు, వద్దు, వద్దు అర్బాబ్. ఆయన నోరు మూసుకున్నాడు, కాగితాన్ని అవే మడతల్లో మడిచి తిరిగిచ్చాడు, తుపాకీ పెట్టె తనే ఎత్తుకున్నాడు. మరలు ఎవరూ ముట్టకూడదు, అంతే కదా, అని అడిగి కారువైపు నడిచాడు. ఆరేళ్ళలో ఆ పెట్టె ఆయన మోయడం అదే మొదలు.

రేకు నీడలో నిలబడి ఫోను నొక్కాడు. మూడో రింగుకి మున్నీబీ ఎత్తింది, వెనక కుక్కరు కూస్తోంది.

"ఏమయ్యా, బాగైందా తుపాకీ?"

"బాగైంది."

"ఏమంట రోగం?"

ఇంకోరోజైతే చల్లటి గొట్టం, వేడి గొట్టం, త్రిమూర్తులు మేకులు, నాలుగో తూటా, రాయచోటి మిషను, అన్నీ అరగంట చెప్పేవాడు. నోటి దాకా వచ్చాయి కూడా.

"కాగితం," అన్నాడు.

అవతల కుక్కరు కూత ఆగిపోయింది, ఆమె కట్టేసినట్టుంది.

"సదివినావా?"

"సదివినా."

"నోటితో అనాకు మల్ల."

"అననులే."

"మరి విమానం..."

"అది అర్బాబుకు. నేను ఇంటికొస్తాండా," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ గేటువైపు అప్పటికే సగం పరిగెత్తుతూ, "ఆ బియ్యం మూట అట్లే ఉండనీ, నువ్వు తాకాకు, నేనొచ్చి లోపల పెడతా."